వదిన చదివిన కన్నడం

బెంగళూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు కాత్యాయని సింగపూర్ బెడోక్‌లోని తన ఫ్లాట్ వంటింట్లో చింతపండు పిసుకుతోంది. అవతలి మనిషి చక్కటి కన్నడంలో, కర్ణాటక ప్రభుత్వం ఏటా కన్నడ రచయితలకిచ్చే కథా పురస్కారం ఈసారి మీ పుస్తకానికి వచ్చిందని చెప్పాడు. ముఖ్యంగా ‘బెలె చీటి’ కథను న్యాయనిర్ణేతలు ఎంతో మెచ్చుకున్నారన్నాడు. ఆవిడ ధన్యవాదాలు చెప్పింది, ఫోన్ పెట్టేసింది, చింతపండు చేత్తోనే నుదురు తుడుచుకుంది. ఇంకొకరైతే ఆ క్షణాన ఎగిరి గంతేసేవారు. కాత్యాయని మాత్రం మళ్ళీ చింతపండు గిన్నెలో చెయ్యి పెట్టింది.

బెలె చీటి అంటే వెల చీటీ. వస్తువు మీద ధర అంటించిన కాగితం ముక్క. ఆ కథలోని మనిషి బతికే ఉంది. రైలెక్కితే గంట దూరంలో, ఆంగ్ మో కియోలో ఉంది. పేరు సుభద్ర. కాత్యాయని భర్త కేశవరావుకు సొంత అక్క.

కాత్యాయని పుట్టింది బళ్ళారిలో. నాన్న రైల్వేలో గూడ్సు గుమాస్తా. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, వీధిలో రెండూ కలిపి. ఆ ఊళ్ళో కుక్కలు కూడా ఏ భాషలో అదిలిస్తే ఆ భాషలో తోక ముడుస్తాయని వాళ్ళ నాన్న అంటుండేవాడు. పెళ్ళయి తాడిపత్రి కోడలైంది. ఏడాది తిరక్కుండా భర్త వెంట సింగపూర్ వచ్చింది. పిల్చుకున్నది సుభద్రే. తమ్ముడికి ఉద్యోగం చూసింది, కొత్త దంపతులకు తన ఫ్లాట్‌లో ఓ గది ఇచ్చింది, మరదలికి చేపల మార్కెట్లో కూరగాయలు ఎక్కడ దొరుకుతాయో చూపించింది. అన్నం పెట్టిన చెయ్యి అని కేశవరావు అక్క గురించి చెప్పుకోని పండగ లేదు.

ఆ రక్తసంబంధం ఎంత గట్టిదంటే, బెడోక్ వంటింట్లో పుట్టిన మాట లిఫ్టు కింది అంతస్తుకు దిగేలోపే ఆంగ్ మో కియో చేరిపోయేది. కాత్యాయనికి తలనొప్పి వస్తే ఆమె మాత్ర వేసుకునే ముందే సుభద్ర ఫోన్ చేసి, “కాఫీ తగ్గించమన్నా కదా” అనేది. అలాంటి సంసారంలో మనిషికి తనదంటూ ఓ మూల కావాలి. కాత్యాయని ఆ మూలను కన్నడంలో కట్టుకుంది.

సైన్స్ పార్క్‌లో ఒక చిన్న ప్రయోగశాలలో ఆవిడకు రిసెప్షన్ ఉద్యోగం. పొద్దున రైల్లో కూర్చునే చోటు దొరికితే అదృష్టం, దొరక్కపోతే స్తంభానికి ఆనుకుని, ఫోన్‌లో బొటనవేలితో రాసేది. పక్కన నిలబడ్డ చైనా ముసలాయన ఆ గుండ్రటి అక్షరాలను చూసి ఇదేదో తినే వస్తువేమోనని ఒకసారి అడిగాడు కూడా. ఇంట్లో ఎవరూ అడగలేదు. కూతురు తన్మయికి తెలుగే అంతంత మాత్రం. కేశవరావు మాత్రం కనపడ్డ వాళ్ళందరికీ, “మా ఆవిడ కన్నడంలో రాస్తుందండీ, అంతా ధర్మం, నీతి” అని చెప్పేవాడు. ఒక్క పేజీ చదివింది లేదు. చదివి ఉంటే రెండో కథలో నిద్రలో పళ్ళు నూరే మగడెవరో, అతనికి బట్టతల ఎందుకుందో ఆలోచించేవాడు.

మొదట్లో సరదాగానే మొదలైంది. అత్తగారి మడి, మగడి పళ్ళు, అపార్ట్‌మెంట్ సంఘం గొడవలు. పట్టుబడే భయం లేని పిల్లాడు రోజురోజుకీ ఇంకాస్త దూరం వెళ్ళినట్టు, ఆవిడా వెళ్ళింది. వెళ్ళి వెళ్ళి ఒకరోజు సుభద్ర గదిలోకి వెళ్ళింది.

సుభద్ర మొగుడు హరికృష్ణ బ్రూనైలో చమురు కంపెనీలో ఉద్యోగమని వెళ్ళాడు. వెళ్ళిన రెండో ఏడే అక్కడ వేరే సంసారం పెట్టాడు. ఆ సంగతి ఊళ్ళో గుసగుసగా తిరిగినా సుభద్ర ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసుకుంటూ, తాడిపత్రి వెళ్ళేటప్పుడల్లా పెట్టెల నిండా సామాన్లు తీసుకెళ్ళి, “మీ బావ పంపినాడు” అని పంచేది. కొత్తగా వచ్చి ఆ ఇంట్లోనే ఉంటున్న రోజుల్లో కాత్యాయని ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని గదిలోకి పోయింది. సుభద్ర నేల మీద కూర్చుని, సీసాలకూ డబ్బాలకూ ఉన్న సింగపూర్ అంగడి ధరల చీటీలకు కొబ్బరినూనె రాసి, నానబెట్టి, గోటితో ఒక్కొక్కటే గీకి తీస్తోంది. చుట్టూ చీటీల చుట్టలు. తలెత్తి చూసి, “నూనె ఒలికింది” అంది. కాత్యాయని తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

ఆ తర్వాత తాడిపత్రిలో అందరూ కూర్చున్నప్పుడు కాత్యాయనే ముందుగా అడిగేది. “అన్నయ్యకు ఈసారైనా సెలవు ఇస్తారా వదినా?” వదిన మాట నిలబడటానికి తన వంతు గుంజ పాతుతున్నాననుకునేది. అలా పాతికేళ్ళు అడిగింది. ఆ అడగటం గురించి కూడా కథలో రాసింది. కాస్త గర్వంగానే రాసింది.

పురస్కారం సంగతి కేశవరావుకు చెప్పక తప్పలేదు. ఆయన ఆ సాయంత్రానికి సింగపూర్‌లోని తెలుగువాళ్ళలో ఒక్కరినీ వదల్లేదు. వచ్చే ఆదివారం బెడోక్ కమ్యూనిటీ హాల్లో సన్మానమన్నారు. రాయచూరులో కన్నడ బడిలో చదువుకున్న గియాసుద్దీన్ ఉన్నాడు, సైన్స్ పార్క్‌లోనే పనిచేసి రిటైరయ్యాడు, ఆయన వేదిక మీద బహుమతి వచ్చిన కథను తెలుగులో చెప్తాడన్నారు. శాలువా కప్పేది సుభద్ర.

“అక్కకు పుస్తకం కూడా ఇచ్చొచ్చినా” అన్నాడు కేశవరావు భోజనాల దగ్గర.

కాత్యాయని చేతిలో గరిటె ఆగింది. “ఆమెకెందుకు? కన్నడం రాదు కదా.”

“రాకుంటేనేం? మరదలి పుస్తకం అల్మారాలో పెట్టుకోదా?”

“మా, వై యు సో స్ట్రెస్‌డ్?” అంది తన్మయి తన సింగపూర్ యాసలో, ఫోన్‌లోంచి తలెత్తకుండా. “అవార్డ్ వచ్చింది, హ్యాపీగా ఉండు లా.”

తెలుగు లిపి, కన్నడ లిపి అక్కచెల్లెళ్ళని కాత్యాయనికి తెలియక కాదు. ఒకటి రెండు అక్షరాలూ, ఆ తలకట్టూ తప్పితే తెలుగు వచ్చినవాళ్ళెవరైనా కన్నడం కూడబలుక్కోవచ్చు. కానీ అంత పని ఎవరికుంది? వదిన పంచాంగం తప్ప మరో అచ్చు కాగితం ముట్టగా కాత్యాయని ఎప్పుడూ చూడలేదు. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళూ రాసింది.

గురువారం పొద్దున సుభద్ర ఫోన్ చేసింది. “లీవు పెట్టి రా” అంది. కాఫీ గురించి ఏమీ అనలేదు.

ఆంగ్ మో కియో ఫ్లాట్‌లో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేసరికి పుస్తకం భోజనాల బల్ల మీద తెరిచి ఉంది. పక్కన కళ్ళజోడు. సుభద్ర కుర్చీ చూపించింది. తాను కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, వేలు అక్షరాల కింద ఆనించి చదవడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల బళ్ళో చదివినట్టు, ఒక్కో అక్షరం విడదీసి, మళ్ళీ కలిపి.

“అవళు... కొబ్బరి ఎణ్ణె... హచ్చి... బెలె చీటి... కీళుత్తిద్దళు.”

ఆమె కొబ్బరినూనె రాసి వెల చీటీలు పీకుతోందన్న తన వాక్యం తాడిపత్రి యాసలో వినడం కాత్యాయనికి అదే మొదలు. ఎవరో తన జాకెట్టు విప్పి అందరికీ చూపిస్తున్నట్టు ఒళ్ళు చల్లబడింది.

“కొబ్బరి నాకు తెలుసు. ఎణ్ణె అంటే నూనేనని అనంతపురం జిల్లాలో పసిబిడ్డను అడిగినా చెప్తాది. చీటి తెలుసు. గండ అంటే మొగుడని తెలుసు. పది చోట్ల ఉంది ఆ గండ. మిగిలింది నువ్వు చెప్పు.”

“వదినా, అది కథ. కల్పించి రాస్తాం కదా.”

“కల్పించిందే చెప్పు. నాకేం, వింటా.”

తప్పించుకునే దారి లేదు. కాత్యాయని పుస్తకం దగ్గరకు లాక్కోబోయింది. సుభద్ర లాక్కోనివ్వలేదు. వేలు అక్కడే ఉంచి, “ఈడ నుంచి” అంది. కాత్యాయని వంగి, తాను రాసిన కన్నడాన్ని తెలుగు చేసి చెప్పసాగింది. వదిన వేలు వాక్యం వాక్యం వెంట జరుగుతోంది. మెత్తటి మాటలు ఏరి చెప్పింది. పదునున్నవి మింగింది. వేలు ఒకచోట ఆగిపోయింది.

“ఈడ ఇంకో మాట ఉంది. నువ్వు చెప్పలే.”

“ఏది?”

“పాప. ప-కు దీర్ఘం, ప. దాన్ని దాటేసినావు. పాపం అనే కదా? తెలుగైనా, కన్నడమైనా పాపం పాపమే. నన్ను చూస్తే పాపం అనిపించిందా నీకు?”

కాత్యాయని పేజీ అంచు మడత సవరించింది.

“చెప్పు. ముందుకు పో.”

ఆ తర్వాత ఏదీ మింగలేకపోయింది. హరికృష్ణ సంగతి చెప్పింది, పెట్టెల సంగతి చెప్పింది. తాడిపత్రి వసారాలో చుట్టాల మధ్య మరదలు అడిగే ప్రశ్న దగ్గరకు వచ్చింది. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతుందో, అడిగి వదిన ముఖం ఎలా గమనిస్తుందో, తలుపు దగ్గరగా వేసి వచ్చేసిన ఆ రోజు నుంచీ తనకు అంతా తెలుసని వదినకు తెలియకపోవడం ఎంత జాలిగొలిపేదో, అన్నీ ఉన్నాయి అక్కడ. ఒక్కటీ వదలకుండా చెప్పింది.

సుభద్ర వేలు తీసేసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఆ పొద్దు నూనె ఒలికిందంటే నమ్మినావనుకున్నా” అంది. “ఊళ్ళో వాళ్ళు నమ్మకున్నా నమ్మినట్టే ఉంటారు, అది నాకు తెలుసు. వాళ్ళు ఎనకాల నవ్వుకుంటారు. నువ్వొక్కదానివే నిజంగా అడుగుతావనుకున్నా. అన్నయ్య ఎట్లున్నాడు, సెలవిస్తారా అని నువ్వు అడిగినప్పుడల్లా ఒక్క నిమిషం నాకే నిజమనిపిస్తాండె.”

“నేను మీకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను వదినా.”

“చూస్తా ఉన్నావు. సినిమా చూసినట్టు పాతికేళ్ళు చూసినావు. చూసి రాసుకున్నావు.”

కాత్యాయని కళ్ళు తుడుచుకుంది. “వాళ్ళకు ఫోన్ చేసి పురస్కారం వద్దని చెప్పేస్తాను.”

“వద్దంటే ఎందుకొద్దన్నావని కేశవ అడగడా? వాడు పట్టుకుంటే వదుల్తాడా?” సుభద్ర పుస్తకం మూసింది. “తీసుకో. నవ్వుతా తీసుకో. నేనొచ్చి శాలువా కప్పుతా. రాకుంటే దానికీ వంద ప్రశ్నలు. ఈ కథ మాత్రం తెలుగులోకి రాకూడదు. ఆ సాయిబుకు చెప్పు.”

“సరే వదినా.”

“తిని పో. పప్పు చేసినా.”

ఆ పప్పు ఎలా మింగిందో కాత్యాయనికే తెలియాలి. వదిన ఎప్పట్లాగే రెండోసారి వడ్డించింది. ఎప్పట్లాగా పక్కన కూర్చోలేదు.

బయటికి రాగానే రైలు స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి గియాసుద్దీన్‌కు ఫోన్ చేసింది. “భాయ్, ఆదివారం ఆ కథ వద్దు. హాకర్ సెంటర్లో అన్నం తెచ్చుకునేలోపు టిష్యూ ప్యాకెట్టు పెట్టి బల్ల ఆపుకునే ఆవిడ కథ ఉంది చూడండి, అది చెప్పండి.”

“గదేంది చెల్లెమ్మా? ప్రైజ్ తెచ్చింది గా వెల చీటీ గదా. మా ఇంటామె మాజిదాకు చెప్తే ఏడ్చింది. మూడు రోజుల సంది రిహార్సల్ చేస్తున్న.”

“వద్దు భాయ్.”

ఆయన పెద్దమనిషి. “సరే,” అన్నాడు. “టిష్యూ ప్యాకెట్టే చెప్త. మాజిదా నోరు కూడా నేనే కట్టేస్త, గదే జర కష్టం.”

ఆదివారం హాలు నిండింది. పులిహోర, కేసరి, చైనా అంగడి నుంచి తెచ్చిన పూలదండ. గియాసుద్దీన్ టిష్యూ ప్యాకెట్టు కథను ఎంత సాగదీసి చెప్పాడంటే, కథలో లేని పోలీసూ, వానా, ఒక పిల్లీ కూడా వచ్చి చేరాయి. జనం పడీ పడీ నవ్వారు. ఇంత నవ్వించే కథకు బహుమతి ఇవ్వక ఏం చేస్తారని కేశవరావు పక్కవాడితో అన్నాడు. కాత్యాయని వేదిక మీద కూర్చుని, తనది కాని కథకు చప్పట్లు అందుకుంది.

సుభద్ర గద్వాల చీర కట్టుకుని వచ్చింది. శాలువా విప్పి కప్పింది. ఫోటో తీసే కుర్రవాడు ఇటు చూడండి అంటే చూసింది, నవ్వమంటే నవ్వింది. ఆ నవ్వు ఎంత నిండుగా ఉందంటే, ఇన్నేళ్ళూ తానెంత గొప్ప నటి పక్కన బతికిందో కాత్యాయనికి అప్పుడు అర్థమైంది. ఎవరో మైకు అందించి, పెద్దవారు రెండు మాటలు చెప్పండన్నారు.

“మా మరదలు ఏం రాసిందో మాకెవరికీ చదవను రాదు” అంది సుభద్ర. “అది మా తప్పు. గియాసుద్దీన్ గారూ, శనివారాలు మీకు పనేం లేకుంటే నాకు కన్నడం నేర్పండి.”

హాలంతా చప్పట్లు. “ఈ వయసులో కన్నడం ఎందుకక్కా?” అన్నాడు కేశవరావు ముందు వరుసలోంచి, మురిసిపోతూ.

“పుస్తకంలో ఇంకా చానా కథలున్నాయి కదరా. చదువుకుంటా.”

శాలువా కింద కాత్యాయనికి చెమటలు పట్టాయి. ఎందుకంటే ఆ పుస్తకంలో ఆఖరి కథ ఒకటుంది. ఒక ఆడమనిషి పొద్దున ఆఫీసుకని బయలుదేరి, అటు వెళ్ళే రైలెక్కకుండా, పాస్‌పోర్టు సంచీలో పెట్టుకుని చాంగీ విమానాశ్రయం వైపు వెళ్ళే రైలెక్కుతుంది. మగడు కొట్టడు, తిట్టడు. అతనికి ఆమె ఇంట్లో ఉన్నట్టే తెలియదు, అంతే. సాయంత్రం దాకా విమానాశ్రయంలో కూర్చుని, టికెట్టు కొనకుండా, కూరగాయలు కొనుక్కుని ఇంటికొస్తుంది. ఆ కథను కాత్యాయని ఎవరి మీదా కల్పించలేదు; వదిన ఇంట్లో ఉన్న రోజుల్లో తాను చేసిందే రాసింది. ఆ సంగతి కేశవరావు అక్కకు తెలిస్తే ఏమవుతుందో ఊహించడానికి కథకురాలు కానక్కర్లేదు. తమ్ముడిని వదిలిపోవాలనుకున్న మరదలిని, మొగుడు వదిలిపోయిన ఆడపడుచు ఏ కళ్ళతో చూస్తుంది?

బెంగళూరు వెళ్ళి పురస్కారం తెచ్చుకుంది. తలకు మైసూరు పేటా తలపాగా పెట్టారు, మెడలో గంధపు దండ వేశారు. కేశవరావు ఆ పేటాను సింగపూర్ దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇంటికి వచ్చాక రైల్లో ఫోన్ తీస్తే ఆవిడ వేళ్ళు కదల్లేదు. ఒక అక్షరం పడితే దాని కింద వదిన వేలు కనిపించేది.

సుభద్ర బెడోక్ రావడం మానేసింది. తమ్ముడికి మోకాళ్ళ నొప్పులని చెప్పింది. కానీ శనివారాలు పాఠానికి వెళ్తోంది. అదే రోజు సాయంత్రం కాత్యాయనికి ఫోన్ చేసి ఒక్క మాటకు అర్థం అడిగేది. క్షేమ సమాచారాలు లేవు, కాఫీ లేదు. మాట చెప్పగానే పెట్టేసేది. ఒక వారం మడి కథలోంచి. ఇంకోవారం పళ్ళు నూరే మగడి కథలోంచి. ఆ రోజు మాత్రం పెట్టేసే ముందు, “వాడు చిన్నప్పట్నుంచీ నూరుతాడు” అంది.

“అక్క నీతో ఇంత మాట్లాడుతోందంటే నాకెంత సంతోషంగా ఉందో” అన్నాడు కేశవరావు.

అడిగిన మాటను బట్టి ఆమె ఏ కథలో ఉందో కాత్యాయని లెక్కగట్టుకునేది. శనివారం వస్తుందంటే ఆకలి చచ్చిపోయేది. ఆఖరి కథ దగ్గరపడుతోంది. తన ప్రతి పోయిందని చెప్పి వదిన దగ్గరి పుస్తకం తెచ్చేసుకుందామా అనుకుంది. వదినకు ముందే చెప్పేద్దామా అనుకుంది. రెండూ చేయలేదు. కేశవరావు టీవీ చూస్తుంటే అతని బట్టతల వైపు చూసి, ఈ మనిషికి ఏ రోజు తెలుస్తుందో అనుకుంటూ బట్టలు మడతపెట్టేది.

ఒక శనివారం ఫోన్ రాలేదు. తర్వాతి శనివారం కూడా రాలేదు. ఆ తర్వాత బుధవారం ఆఫీసులో ఉండగా వచ్చింది. కాత్యాయని ఫోన్ పట్టుకుని మెట్ల వైపు వెళ్ళింది.

“ఒబ్బళే అంటే ఏందే?” అంది సుభద్ర.

ఆ మాట ఆఖరి కథలో విమానాశ్రయం కుర్చీల దగ్గర ఉంది.

“ఒక్కతే అని వదినా. ఆడమనిషి ఒక్కతే ఉంటే ఒబ్బళే అంటారు.”

సుభద్ర ఫోన్ పెట్టేయలేదు.

“తెలుసు” అంది. “పోయిన వారమే పాఠంలో గియాసుద్దీన్ గారు చెప్పినారు. నువ్వు చెప్తే విందామని.”

కాత్యాయని గోడకు ఆనుకుంది.

“ఇది నువ్వే కదా?”

“నేనే వదినా.”

“ఆ పొద్దు కూరగాయలు యాడ కొన్నావు?”

“చాంగీలోనే. బాగా ధర. బెండకాయలు ముదిరిపోయినాయి.”

“కేశవకు తెలుసా?”

“తెలీదు.”

“వాడికి చెప్పొద్దులే” అంది సుభద్ర. “తట్టుకోలేడు.” మళ్ళీ తనే, “నాతో ఒక మాట అనుండొచ్చు కదే. పక్క గదిలోనే ఉంటిమే అప్పుడు” అంది.

“మీరూ నాతో అనలేదు కదా వదినా.”

ఎవరో మెట్ల మీద కాగితాల కట్టతో కిందికి దిగుతుంటే కాత్యాయని పక్కకు జరిగి దారి ఇచ్చింది. మళ్ళీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. సుభద్ర ఇంకా లైన్లోనే ఉంది.